సముద్రకర్ణము: అబలోనీ అను జలచరము



సముద్రమును మన పూర్వులు రత్నాకరమనిరి. ఆ మాట వినినంతనే ముత్యములు, పగడములు, శంఖములు మనస్సునకు వచ్చును. స్వాతి చినుకు ఆల్చిప్పలో పడి ముత్యమగునని మన యిండ్లలో పెద్దలు పిల్లలకు నేటికిని చెప్పుచుందురు. ఆ రత్నాకరములోనే మరియొక విచిత్ర జీవి కలదు. వెలుపల చూచినచో అది నాచు పట్టిన రాతిముక్క. లోపల చూచినచో ఇంద్రధనుస్సు. దాని మాంసము తూర్పు దేశముల విందులలో మిక్కిలి వెలగల పదార్థములలో ఒకటి. దాని కొఱకు జపాను తీరమున స్త్రీలు వేయి సంవత్సరములకు పైగా ఊపిరి బిగబట్టి సముద్రగర్భమునకు దిగుచున్నారు. దానిని ఆంగ్లమున అబలోనీ అందురు. జపానీయులకు అది అవాబి, చైనావారికి బావ్‌యూ, కొరియావారికి జొన్‌బొక్, న్యూజీలాండులోని మావోరీలకు పావా. ఇన్ని జాతులవారు ఇన్ని పేర్లు పెట్టి పిలుచుకొనిన జీవిని గూర్చి తెలిసికొనుట వినోదమే కాదు, కొంత వివేకము కూడ.

స్వీడను దేశపు ప్రకృతిశాస్త్రవేత్త లిన్నేయసు 1758లో ఈ జాతికి హేలియోటిస్ అని నామకరణము చేసెను. గ్రీకు భాషలో సముద్రము, చెవి అను రెండు మాటల కూడిక అది. గుల్ల ఆకారము మనుష్యుని చెవిని పోలియుండుటయే ఆ పేరునకు కారణము. తెలుగున సముద్రకర్ణమనినచో అర్థమునకు లోటు రాదు.

దీనిని తొలిసారి చూచినవారు ఆల్చిప్ప యని భ్రమపడుదురు. ఆల్చిప్పకు రెండు చిప్పలుండును, దీనికి ఒక్కటియే. నిజమునకు ఇది నత్తల కుటుంబమునకు చెందినది. నత్తగుల్లలోని మెలికలను అదిమి, చదును చేసి, చివరి మెలికను పళ్ళెమువలె విశాలము చేసినచో ఎట్లుండునో అట్లుండును. గుల్ల యొక అంచు వెంబడి వరుసగా రంధ్రములుండును. గుల్ల పెరిగిన కొలది ముందువైపున క్రొత్త రంధ్రములు ఏర్పడుచుండ, వెనుకటివి మూసికొనిపోవుచుండును. తల వైపున గుల్ల క్రిందికి ప్రవేశించిన నీరు మొప్పలను తాకి ఈ రంధ్రముల గుండ వెలుపలికి పోవును. మలినములును, సంతానబీజములును ఆ మార్గముననే వెడలును.

గుల్ల క్రింద కానవచ్చు మాంసపు ముద్ద చాల భాగము దాని పాదము. మనుజులు తినునది ఆ పాదమునే. ఆ పాదముతో అది రాతిని పట్టుకొనినచో ఉడుముపట్టే. ఏమరియున్నప్పుడు ఒక్క పెట్టున పెకలింపవలయును. అలికిడి తెలిసి బిగుసుకొనెనా, ఇనుప పలుగు లేనిదే కదలదు. ఇంత దృఢమైన జీవికి ఒక దౌర్బల్యము కలదు. గాయపడినచో దాని రక్తము మన రక్తమువలె గడ్డకట్టదు. కావున మొరటుగా పెకలించి, పరిమాణము చాలలేదని తిరిగి నీటిలో పారవైచినచో అది బ్రతుకుట కష్టము. పట్టువాని దయ పట్టుటకు ముందే ఉండవలయును గాని, పట్టిన పిమ్మట కలిగిన దయ దానికి అక్కఱకు రాదు.

పగటివేళ రాతి పగుళ్ళలో దాగియుండి, రాత్రివేళ వెలువడి సముద్రపు నాచును, కెల్పు అను పెద్ద పాచి ఆకులను ఇది మేయును. పెరుగుదల మిక్కిలి మందము. ఈ జాతులన్నిటిలో పెద్దది కాలిఫోర్నియా తీరపు ఎఱ్ఱ అబలోనీ. అది అడుగు పొడవు వఱకును పెరుగగలదు. కాని ఉత్తర కాలిఫోర్నియాలోని చల్లని నీటిలో అది ఏడు అంగుళములు చేరుటకే సుమారు పండ్రెండు సంవత్సరములు పట్టును. అనగా ఒక పుష్కరమున పుట్టినది మరు పుష్కరమునకు గాని పళ్ళెములోనికి రాదగినది కాదు.

గుల్ల లోపలి వన్నె మరియొక అద్భుతము. ఆ గుల్లలో బరువునుబట్టి నూటికి తొంబదియైదు పాళ్ళు మన సుద్దముక్కలోని పదార్థమే. కంటికి కానరానంత పలుచని పలకలుగా దానిని పేర్చి, పలకకు పలకకు నడుమ జంతుమాంసకృత్తును జిగురుగా పూసి, ఇటుక గోడవలె ఆ ప్రాణి కట్టుకొనును. పలకలు వెలుతురు తరంగమంత పలుచనివగుటచే వానిపై పడిన కాంతి నీలము, ఆకుపచ్చ, గులాబి వన్నెలుగా చీలి మెఱయును. చేతితో విఱిచినచో విఱిగిపోవు సుద్ద, ఈ విధముగా పేర్చబడినంత మాత్రమున సుత్తిదెబ్బకు సయితము తట్టుకొను కవచమగుట చూచి పదార్థ శాస్త్రజ్ఞులు దానిని గురువుగా స్వీకరించిరి. న్యూజీలాండు మావోరీలు తమ కొయ్యశిల్పములలో కన్నుల చోట ఈ గుల్లముక్కలనే పొదుగుదురు.

ఇక భోజనపు మాట. శాకాహారులైన సభాసదులు కొంచెము ఓర్చుకొందురు గాక! ఈ పాదము కండరములతోను, నరములవంటి కొల్లాజెను పోగులతోను నిండియుండును. అందుచే దీనిని వండుటకు రెండే దారులు: నిప్పు చూపియు చూపనట్లు క్షణములో దింపుట, లేదా గంటల తరబడి సన్ననిసెగపై మ్రగ్గించుట. నడిమి మార్గము పట్టినచో తోలుముక్కయే మిగులును. జపానీయులు పచ్చిదానినే పలుచగా కోసి కరకరలాడ తిందురు. కాలిఫోర్నియావారు ముక్కలుగా కోసి, కొయ్యసుత్తితో మెత్తగా మోది, గ్రుడ్డుసొనలో ముంచి, రొట్టెపొడి అద్ది, క్షణకాలము వేయింతురు. చైనావారు ఎండబెట్టి నిలువచేసి, దినముల తరబడి నానబెట్టి, కోడిమాంసపు రసములో గంటలకొలది ఉడికింతురు. కొరియావారు బియ్యముతో కలిపి జావ కాచి, జబ్బుపడి లేచినవారికి పథ్యముగా పెట్టుదురు. మన యిండ్లలో జ్వరము తగ్గినవానికి జావ పోయు తల్లి ఆ కొరియా తల్లిని చూచినచో, భాష తెలియకున్నను, పని తెలిసికొనును.

ఈ జీవితో మనుజుని సంబంధము అతిప్రాచీనమైనది. కాలిఫోర్నియాకు ఎదురుగానున్న చానెల్ దీవులలో పదివేల సంవత్సరములకు పూర్వపు గుల్లల కుప్పలు బయల్పడినవి. జపానులో ఎనిమిదవ శతాబ్దమున నారా నగరము రాజధానిగా నుండెను. అచటి ప్రాసాదపు తావున త్రవ్వకములు జరుపగా కొయ్యపలకలు బయటపడినవి. పన్నుల రూపమున వచ్చిన సరకులకు కట్టిన చీటీలవి. ఏ సీమనుండి ఏ సరకు వచ్చినదో వానిపై వ్రాయబడియున్నది. షిమా సీమనుండి వచ్చిన ఎండు అవాబి వానిలో కలదు. దస్త్రము లేని రాజ్యము ఏనాడును లేదని మన కార్యాలయమిత్రులు సంతోషింపవచ్చును.

ఆ షిమా సీమ నేటి మియె మండలములోనిది. ఇసే మహాదేవాలయము అచటనే యున్నది. ఎండబెట్టి సన్నని పట్టీలుగా సాగదీసిన అవాబిని నేటికిని ఆ దేవాలయమునకు నివేదింతురు. అట్టి పట్టీని శుభసూచకముగా కానుకలకు జతచేయు ఆచారమును అచటివారిదే. నేడు జపానులో బహుమానపు పొట్లములపై కానవచ్చు మడతకాగితపు అలంకారము ఆ పట్టీకి ఆనవాలు. చాలచోట్ల పట్టీ పోయి దాని బొమ్మ మాత్రమే మిగిలినది.

ఆ తీరమున అవాబిని పట్టు స్త్రీలను ‘అమా’ లందురు. వీరు గాలితిత్తులు లేకయే, ఒక నిమిషమునకు అటునిటుగా శ్వాస నిలిపి మునుగుదురు. కొందరు ఒంటరిగా, తేలు తొట్టె నొకదానిని తోడు చేసికొని ఒడ్డునుండి ఈదిపోదురు. కొందరు భర్తతో పడవలో పోయి, నడుమునకు త్రాడు కట్టుకొని, బరువును పట్టుకొని అడుగునకు దిగుదురు. త్రాడు కదలగానే పడవలోని భర్త పైకి లాగును. పైకి వచ్చిన అమా బిగబట్టిన శ్వాసను పెదవుల సందునుండి మెల్లగా విడుచును. అది ఈలవలె వినబడును. ఆ తీరపు పల్లెలలో ఆ ఈల సముద్రపు హోరుతోపాటు వినవచ్చు శబ్దము. తలగుడ్డపై ఒక నక్షత్రపు గుర్తును కుట్టుకొందురు. ఎత్తిన చేయి దింపక ఒకే గీతతో గీసినచో ఆ నక్షత్రము మొదలిడిన చోటికే వచ్చి ముగియును. దిగినవారు అట్లే తిరిగి రావలయునని దాని భావము.

ఈ స్త్రీల ధైర్యమును మెచ్చనివారుండరు. ధైర్యము కన్న గొప్పది వారి నిగ్రహము. మియె మండలమున 10.6 సెంటీమీటర్లకు తక్కువైన అవాబిని పట్టరాదను నిబంధన కలదు. అమాలు కొలబద్దను వెంట ఉంచుకొందురు. గ్రుడ్లు విడుచు కాలమున వేట నిషిద్ధము. నీటికళ్ళద్దములు క్రొత్తగా వచ్చిన కాలమున కొన్ని పల్లెలు వానిని సంశయించినవి. రబ్బరు దుస్తులు వచ్చినపుడు కొన్ని పల్లెలు ఇంటికొక్కటి మాత్రమే అని కట్టడి చేసినవి. గాలితిత్తులను నేటికిని వాడరు. ఊపిరి ఎంతసేపు నిలుచునో అంతసేపే వేట. అంతకు మించి ఆశ లేదు. నీటి అడుగున తనిఖీ అధికారి ఉండడు. అంగుళములో పదవవంతు తక్కువైనదని అచటనే వదలి వచ్చు స్త్రీని చూచువాడెవ్వడును లేడు. ఆ వదలుటలోనే వేయి సంవత్సరముల వృత్తి నిలిచినది.

అధికారి నీటి అడుగునకు దిగిన సంఘటన కూడ లోకమున లేకపోలేదు. ఆంగ్ల జలసంధిలోని గెర్న్‌సీ ద్వీపమున ఈ జీవిని ఆర్మర్ అందురు. అచట జనవరినుండి ఏప్రిలు వఱకు, పున్నమికి అమావాస్యకు వచ్చు పెద్ద పోటుపాటుల దినములలో, నీరు వెనుకకు తగ్గినపుడు ఒడ్డుననే నడచి రాళ్ళ సందులలో వెదకి ఏరుకొనవలయును. మునిగి పట్టుట నేరము. 1969లో ఒకడు మునిగి పట్టుచుండగా, మునిగి వెంబడించిన పోలీసు వానిని నీటి అడుగుననే నిర్బంధించెను! చట్టము అంత లోతునకు దిగగలదని ఆ ద్వీపవాసులు నేటికిని ముచ్చటగా చెప్పుకొందురు. న్యూజీలాండులో పావాను గాలితిత్తులు ధరించి పట్టరాదను శాసనము కలదు.

ఇట్టి నిగ్రహము లేనిచోట ఏమి జరిగినదో కాలిఫోర్నియా చెప్పును. ఆ తీరమున అబలోనీని తినుచుండిన నీటిపిల్లులను పందొమ్మిదవ శతాబ్దమునాటికి ఉన్నిచర్మముల కొఱకు వేటగాండ్రు దాదాపు నిర్మూలించిరి. పగవాడు పోగా అబలోనీ రాతిపై రాయి పేర్చినట్లు పెరిగినది. 1850 ప్రాంతమున వచ్చిన చైనా వలసవారు, శతాబ్దపు చివర వచ్చిన జపాను మునుగువాండ్రు దానిని వ్యాపారముగా మార్చిరి. పిమ్మట మాంటెరే పట్టణపు భోజనశాలలు దానికి అమెరికావారి నాలుకపై స్థానము కల్పించినవి. 1957లో ఆ రాష్ట్రమున పట్టిన సరకు ఏబది లక్షల పౌనులు దాటినది.

ఇచట కార్యాలయములలో అంకెలతో పరిచయము గలవారు ప్రత్యేకముగా గమనింపదగిన విషయము కలదు. ఆ తీరమున వేటకు వచ్చిన అబలోనీ జాతులు అయిదు: ఎఱ్ఱది, గులాబిది, ఆకుపచ్చది, తెల్లది, నల్లది. పట్టికలలో మొత్తపు తూకము అనేక సంవత్సరములు గట్టిగానే కానవచ్చినది. ఆ మొత్తము చూచినవారు సముద్రము నిండుగానే యున్నదని తలచిరి. నిజమునకు ఒక జాతి తగ్గగానే వేటగాండ్రు మరియొక జాతికి, ఒక తావు వట్టిపోగానే మరియొక తావునకు, పైనీరు ఖాళీయైనంతనే లోతునకు మఱలుచుండిరి. ఒక గాదె ఖాళీ చేసి రెండవది, రెండవది ఖాళీ చేసి మూడవది తెఱచుచు, వంటయిల్లు పొగలెత్తుచున్నంత కాలము ఇల్లు కలిగినదే యని తలచు గృహస్థునివలె నయ్యెను. మొత్తము తప్పు చెప్పలేదు. కాని నిజమును కప్పినది. అంకె సరియైనంత మాత్రమున అవగాహన సరియైనది కాదు.

తెల్ల అబలోనీ గతి మరింత విషాదకరమైనది. అన్నిటికన్న లోతున నివసించునది అదియే. గాలితిత్తులు రాకముందు దానిని చేరగలవారు లేరు. 1970 దశకపు తొలియేండ్లలో దానిపై వేట ముమ్మరమైనది. కొలది సంవత్సరములలోనే అది నామమాత్రావశిష్టమైనది. వేట ఆగెను; అయినను సంతతి కోలుకొనలేదు. ఎందుచేత? అబలోనీలో ఆడ, మగ వేఱు. రెండును తమ బీజములను నీటిలోనికి విడుచును. అవి నీటిలోనే కలిసికొనవలయును. ఆడుది విడుచు గ్రుడ్లు లక్షలలో నుండును. కాని ప్రక్కనే, కొలది గజముల దూరములో, మగది లేనిచో ఆ లక్షలన్నియు వ్యర్థము. వేటగాండ్రు అక్కడొకటి ఇక్కడొకటి వదలిరి. వదలినవి ఆరోగ్యముగానే బ్రతికినవి, దీర్ఘకాలమే బ్రతికినవి; కాని ఒకదానికొకటి దూరమైనవి. లెక్కకు ప్రాణులు ఉన్నవి, వంశము లేదు. విత్తనపు గింజలను కూడ వండుకొని తినిన రైతునకు మరుసటి తొలకరి ఎట్లు వచ్చునో అట్లే వారికిని వచ్చినది. స్వస్థలమునకు దూరముగా బ్రతుకుచు, ఇట్టి సమాజములలో ఏడాదికి నాలుగు మార్లు కూడి తమ మాటను పిల్లల నోట నిలుపుకొను కుటుంబములవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కఱలేదు.

1997లో కాలిఫోర్నియా ప్రభుత్వము శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణమున అబలోనీ వేటను పూర్తిగా నిషేధించెను. 2001లో తెల్ల అబలోనీ అమెరికా దేశపు అంతరించిపోవు జీవుల చట్టపు పట్టికలో చేరినది. వెన్నెముక లేని సముద్రజీవులలో ఆ పట్టికకెక్కిన మొదటిది అదియే. 2009లో నల్లజాతియు చేరినది. బొడేగా సముద్రపరిశోధనాలయమున శాస్త్రజ్ఞులు తెల్ల అబలోనీలను తొట్లలో ప్రక్కప్రక్కన చేర్చి, పిల్లలను పుట్టించి పెంచిరి. 2019 నుండి ఆ పిల్లలను తిరిగి సముద్రమున విడుచుచున్నారు. పట్టుటకు కొన్ని సంవత్సరములు చాలినవి. నిలుపుటకు ఎన్ని తరములు పట్టునో!

దక్షిణాఫ్రికా కథ మరియొక తీరు. అచటి జాతి తూర్పు దేశముల విపణిలో మిక్కిలి ఆదరణ గలది. దొంగవేట ముఠాల చేతిలో పడి, మాదక ద్రవ్యములకు మారకపు సరకైనది. 2000 నుండి 2016 వఱకు దొంగవేటకు బలియైన అబలోనీల సంఖ్య తొమ్మిది కోట్ల అరువది లక్షలని వన్యజీవుల వ్యాపారమును పరిశీలించు ట్రాఫిక్ సంస్థ 2018లో అంచనా వేసెను. ప్రపంచమునందలి 54 అబలోనీ జాతులలో 20 జాతులు ప్రమాదస్థితిలో నున్నవని ప్రకృతి పరిరక్షణకు ఏర్పడిన అంతర్జాతీయ సంఘము 2022లో ప్రకటించినది.

కాపాడు నిబంధన ఒక్కటియే చాలునా అను ప్రశ్న కూడ రాకపోదు. నిగ్రహము పాటించిన తీరములును నేడు చిక్కులో పడినవి. ఉత్తర కాలిఫోర్నియాలో ఊపిరి బిగబట్టి పట్టుట మాత్రమే అనుమతింపబడెడిది. ఏడు అంగుళముల నిబంధనయు నుండెడిది. అయినను 2013 నుండి సముద్రనక్షత్రములకు తెగులు సోకి నశించినవి; పిమ్మట 2014 నుండి 2016 వఱకు సముద్రజలము అసాధారణముగా వేడెక్కినది. నక్షత్రములు తినుచుండిన ముళ్ళ ఉర్చినులు అడ్డులేక పెరిగి, కెల్పు వనములను మేసివేసినవి. మేత లేక అబలోనీలు ఎండిపోయినవి. 2018లో ఆ వేటయు మూతపడెను. జపానులో 1970 ప్రాంతమున ఏటికి ఆరువేల టన్నులకు పైబడిన అవాబి, ఇటీవలి కాలమున వేయి టన్నులకు లోపే లభించుచున్నది. 1956లో పదునేడు వేలకు పైగానుండిన అమాలు 2010 నాటికి రెండు వేల చిల్లరకు వచ్చిరి. 2017లో జపాను ప్రభుత్వము టోబా, షిమా అమాల విద్యను జాతీయ జానపద సంపదగా గుర్తించినది. గుర్తింపు వచ్చునాటికి ఈల వేయువారు ముదుసలులైరి. నేడు విపణికి వచ్చు అబలోనీలో అధికభాగము పెంపకపుదే. చైనాలోని ఫుజియాను తీరము దానికి పుట్టినిల్లు. పెంపకము వలన పళ్ళెము నిండును, సముద్రము నిండదు.

మన దేశమున మన్నారు సింధుశాఖలో హేలియోటిస్ వేరియా అను చిన్న జాతి రాళ్ళ సందులలో నివసించును. అండమాను దీవులలో గాడిదచెవి అను అర్థముగల శాస్త్రీయనామము దాల్చిన మరియొక జాతి కలదు. అచట ఉద్యోగములకై పోవు మన కుటుంబములవారు పోటు తగ్గినవేళ పగడపు రాళ్ళ నడుమ దాని గుల్లను చూడవచ్చును. 1947లో స్థాపింపబడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు మన్నారు జాతిని తొట్లలో ఈనజేయుటకును, దానిలో ముత్యములు పండించుటకును పరిశోధనలు సాగించిరి. మన తీరమున ఇది పెద్ద వ్యాపారము కాలేదు. కానందున నష్టపడితిమో, బాగుపడితిమో కాలిఫోర్నియా చరిత్ర వినినవారు ఆలోచింపవలయును.

సముద్రకర్ణమునకు చెవి ఆకారమే గాని చెవి లేదు. వినవలసినది మనుజుడే. వినుటకు కష్టమైన సంగతియును ఇందులో లేదు: పుష్కరకాలము పెరిగినదానిని పూటలో పట్టరాదు, పట్టుటకు ముందే కొలువవలయును, వదలునపుడు ఒంటరిగా వదలరాదు. ఈ మూడును ఏ శాసనములోను లేనప్పుడు సయితము షిమా తీరపు ఒక పేద స్త్రీకి తెలిసియుండెను. చీకటి నీటిలో, ఊపిరి తరుగుచుండగా, ఎవ్వరును చూడని చోట ఆమె కొలబద్ద తీసి కొలిచి, చేయి వెనుకకు తీసికొనెను. తరువాత పైకి వచ్చి ఈల వేసెను.

స్వస్తి.